బండి ఆగని గుమ్మం

చాయపత్తి పిప్పి తడి బకెట్లోకి. పాల ప్యాకెట్టు పొడి బకెట్లోకి. ఉల్లిపొట్టు ఇటు, బిస్కెట్ కవరు అటు. పెరటి గడప దగ్గర పీట వేసుకుని శ్రీలత నాలుగు రోజుల చెత్తను విడదీస్తోంది.

ఈ ఇంట్లో తడి, పొడి అన్న పట్టింపు ఆమె ఒక్కదానికే. మామ కిషన్‌రావు గడ్డం గీసుకున్న బ్లేడును అరటితొక్కలో చుట్టి పడేస్తాడు. భర్త భరత్ తాగేసిన కొబ్బరిబోండంలో దుకాణం బిల్లు కాగితాలు కుక్కుతాడు. పెళ్లయి వచ్చిన నాలుగేళ్ల నుంచి రోజూ పొద్దున్నే ఆమె ఇలా కూర్చుని వేరు చేస్తూనే ఉంది. ఎవరినీ ఏమీ అనలేదు. అనడం కంటే ఏరుకోవడమే తేలిక అనుకుంది.

ఒక్క రోజు చెత్తయితే తేలికే. ఇది నాలుగు రోజులది. అడుగున అన్నం పులిసి నురగ కట్టింది. టమాటా తొక్కల మీద తెల్ల పురుగులు మెదులుతున్నాయి. మూత తీసినప్పుడల్లా ఈగలు ముఖం మీదికి లేస్తున్నాయి.

సందు మొదట్లో చెత్తబండి మైకు వినిపించింది. శ్రీలత చెవులు రిక్కించింది. కిరాణా కొట్టు దగ్గర ఆగింది. టైలర్ ఇంటి ముందు ఆగింది. పక్కింటి శకుంతల వాకిట్లో ఆగింది. రెండు బకెట్లూ రెండు చేతుల్లో పట్టుకుని ఆమె గేటు దగ్గరికి పరుగెత్తింది.

బండి నెమ్మదించింది కానీ ఆగలేదు. స్టీరింగు పట్టుకున్న కట్టయ్య తల కూడా తిప్పలేదు. వాళ్ల గుమ్మం దాటి, అవతలి ఇంటి ముందు వెళ్లి ఆగింది.

శ్రీలత బకెట్లతో అక్కడిదాకా నడిచింది.

"కట్టన్నా, జర పట్టన్నా. పురుగులు వడ్తానయి."

"ఏమనుకోకు చెల్లె. నీ ఒక్కదాని చెత్తయితె గుంజుకొని ఏసుకునేటోన్ని. ఆ ఇంటి చెత్త మేము ముట్టం. అందరం అనుకున్నం."

"ఆ ఇల్లు నాది గాదా అన్నా?"

"గది నువ్వే చెప్పాలె."

ఆమె బకెట్లు కింద పెట్టి, సందులు ఊడ్చే మొగిలమ్మ సంగతి అడిగింది. "మొగిలక్కకు ఎట్లున్నది?"

కట్టయ్య మైకు కట్టేశాడు. "ఎట్లుంటది? కుడిచెయ్యి రెండు వేళ్లు వంగుతలేవు. నరం తెగిందన్నరు దవాఖాన్ల. గది గాదు అసలు బాధ. పనిల తెగలేదట, ఇంట్ల కూరగాయలు కోసుకుంటాంటె తెగిందట. కాంట్రాక్టరు మనిషి గట్లనే రాసుకపోయిండు."

"మా ఇంటెనుక నాలాల దిగి పూడిక తీస్తాంటె మీరందరు చూసిండ్రు గదా!"

"మేము చూస్తె లెక్కనా? మీరు మీరు ఒక్కటే అంటాండ్లు. కాలనీవోళ్లు చెప్పాలెనట. నాలాల దిగమని దరఖాస్తు పెట్టెటందుకు కాలనీవోళ్లున్నరు గని, దిగిందని చెప్పెటందుకు ఒక్కలు లేరు."

బండి కదిలింది. శ్రీలత బకెట్లు ఎత్తుకుని తిరిగొచ్చింది. తెచ్చిన దానికంటే బరువుగా ఉన్నాయి.

*

వరండాలో కిషన్‌రావు ఫోన్లో గొంతు పెంచి మాట్లాడుతున్నాడు. కాలనీ కమిటీకి ఆయనే అధ్యక్షుడు. సందు మూల గోడ మీద "ఇక్కడ చెత్త వేయరాదు" అని పసుపు రంగులో రాయించి, కింద తన పేరు కూడా రాయించుకున్నాడు.

"నాలుగు రోజులాయె! పన్ను కడ్తలేమా మేము? మా ఒక్క గుమ్మం ఇడిసిపెట్టి పోతాండ్లంటె ఏంది దాని అర్థం? పైకి రాస్త నేను, ఆఁ!"

ఫోన్ పెట్టేసి కోడలి చేతుల వైపు చూశాడు. "ఇయ్యాల గూడ ఆపలేదా?"

"ఆపలేదు మామయ్యా."

"చూసినవా పొగరు? పని చేస్తలేరని ఒక్క దరఖాస్తు పెడితె పగబట్టిండ్లు."

స్నానం చేసి తల తుడుచుకుంటూ భరత్ బయటికొచ్చాడు. ముక్కు చిట్లించాడు. "ఇటియ్యి. సంచిల ఏసి కట్టు. దుకాణం పోయెటప్పుడు బండికి తగిలిచ్చుకపోయి ఏడ్నన్న పారేస్త."

"ఏడ్నన్న అంటె ఏడ?"

"బైపాస్ మీద. అందరు ఆడ్నే ఏస్తరు."

"ఆ మలుపు కాడ వద్దు," అన్నాడు కిషన్‌రావు పేపరు విప్పుతూ. "కెమెరా ఉన్నది ఆడ. నేనే పెట్టిచ్చిన. జర ముందుకు పోయి ఎయ్యి."

చెప్పిన మనిషి ముఖంలో ఏ తడబాటూ లేదు. విన్న మనిషి ముఖంలోనూ లేదు. శ్రీలతకు ఒక్క క్షణం నవ్వొచ్చింది. ఆ వెంటనే ఎక్కడలేని అలసటా వచ్చింది. బకెట్లు ఇవ్వలేదు. తీసుకెళ్లి పెరట్లో పెట్టి, మూతల మీద ఇటుకలు పెట్టింది.

పెరటి కిటికీ చువ్వల దగ్గర ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. పెరటి వైపు పని చేసుకుంటూ వచ్చినప్పుడల్లా మొగిలమ్మ అందులోనే చాయ తాగేది. అది ఇంట్లో గ్లాసులతో కలవదు. ఎప్పటి నుంచి అలా ఉందో శ్రీలతకు తెలియదు. నాలుగు రోజులుగా దాన్ని ఎవరూ కదపలేదు.

దేవుడి గది గడపలో అత్త సుగుణమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో మల్లెలున్నాయి, దారం ఉంది, వేళ్లు మాత్రం కదలడం లేదు. నాలుగు రోజుల నుంచి ఆమె అంతే. అడిగితే ఊఁ అంటుంది. పెట్టింది తింటుంది. పనివాళ్లు మొగిలమ్మను ఆటోలో ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోయిన రోజు నుంచి ఆమె నోటి వెంట నిండుగా ఒక్క మాట రాలేదు.

ఎందుకో ఈ ఇంట్లో అందరికీ తెలుసు. తెలుసని ఎవరూ అనలేదు, అంతే.

పది రోజుల కింద చౌరస్తాలోని తమ చీరల దుకాణంలో నిచ్చెన జారి లక్ష్మీదేవి పటం అద్దం పగిలింది. పగిలిన పటం గల్లా మీద ఉండరాదని పంతులు చెప్పాడు. కిషన్‌రావు దాన్ని ఇంటికి తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. సుగుణమ్మ పటానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, నాలుగు చామంతులు ఉంచి, దుకాణం సంచిలో చుట్టి ఎర్రదారం కట్టింది.

"అద్దం తీసి వేరుగ పెడ్దామా అత్తమ్మా?" అని శ్రీలత అడిగింది.

"తప్పు బిడ్డా. అద్దం తీసుడంటె అమ్మవారిని ఇప్పినట్టే. ఎట్లున్నదట్లనే సాగనంపాలె."

చెత్తబండిలో వేయడానికి ఆమెకు మనసొప్పలేదు. పెరటి గోడ మీదుగా రెండు చేతులతో దించి మురుగు నాలాలో వదిలింది. వదిలి, కళ్లకు అద్దుకుంది. పసుపు కుంకుమల గిన్నె పట్టుకుని పక్కన నిలబడింది శ్రీలతే.

ఆ తర్వాత నాలుగు రోజులకు నాలా పొంగి వెనక వీధిలోకి మురుగు పోతోందని కిషన్‌రావు దరఖాస్తు రాశాడు. ఇంకో రెండు రోజులకు మొగిలమ్మను అందులోకి దించారు.

*

పదిన్నరకు గేటు గొళ్లెం చప్పుడైంది. పనివాళ్ల హాజరు చూసే జవాను ఎల్లస్వామి వచ్చాడు. చేతిలో ఒక కాగితం ఉంది. వరండా ఎక్కలేదు. గేటు ఇవతల నాపరాయి మీద నిలబడ్డాడు.

"నమస్తే రావు సార్."

"నీ కోసమే చూస్తాన. ఏంది మీ కథ? బండి ఎందుకు ఆపుతలేరు?"

"ఆపిస్త సార్. జర ఈ కాయితం చూడుండ్రి ముందు. రెండే లైన్లు. మీ ఇంటెనుక నాలాల పూడిక తీస్తాంటె మొగిలమ్మ చేతికి అద్దం గుచ్చుకున్నదని. గంతే."

"నేను చూసిన్నా? దుకాణంల ఉన్న నేను."

"అద్దం ఎవలేసిండ్రో రాయమంటలేను సార్. పని చేస్తాంటె తెగిందని ఒక్క సంతకం. ఏ ఇంటెనుక జరిగిందో ఆ ఇంటి యజమానిది కావాలెనంటాండ్లు."

"నేను దరఖాస్తు పెట్టింది మిషన్ తోని తియ్యమని. ఆడిమనిషిని దించమన్ననా?"

"మిషన్ ఆ సందుల పట్టది సార్. మీకు ఎర్కేనాయె." ఎల్లస్వామి కాగితం మడత విప్పి మళ్లీ మడిచాడు. "అద్దమున్న సంచి మీ దుకాణంది."

కిషన్‌రావు ఈ మాట కోసమే కాచుకున్నట్టు లేచాడు. "హన్మకొండల సగం ఇండ్లల్ల నా సంచే ఉంటది! సుబేదారి దాక పోయి చూడు. కూరగాయలకు నా సంచే, పిల్లల బట్టలకు నా సంచే. దాంట్ల ఎవలేమేస్తె నాకేంది?"

"నిజమే సార్. కాకపోతె సంచిల లక్ష్మీదేవి పటం ఉన్నది. పసుపు గూడ పోలేదు దానికి."

దేవుడి గదిలో పూల పళ్లెం జరిగిన చప్పుడు వినిపించింది.

ఎల్లస్వామి గొంతు తగ్గించాడు. "మధ్యాహ్నం పన్నెండింటికి ఫైలు పైకి పోతది సార్. ఆ లోపల ఈ కాయితం లేకపోతె, ఇంట్ల తెగినట్టే లెక్క. ఆమె పేరు కొట్టేస్తరు. చీపురు పట్టరాని చేతికి మల్ల పని ఎవరిస్తరు? ఎడమచెయ్యయితె ఎట్లనో నెట్టుకొచ్చేటోళ్లం. కుడిచెయ్యి సార్."

"ఆలోచిస్త. పో నువ్వు."

ఎల్లస్వామి కాగితాన్ని వరండా పిట్టగోడ మీద పెట్టి, ఎగిరిపోకుండా పూలకుండీ అంచు కింద దోపాడు. వెళ్లేటప్పుడు తలుపు దగ్గరున్న శ్రీలత వైపు ఒకసారి చూశాడు. అందులో అడిగినట్టు ఏమీ లేదు. అడిగి అడిగి మానుకున్న చూపది.

*

"మామయ్యా, సంతకం పెట్టుండ్రి."

కిషన్‌రావు పేపరు మీది నుంచి కళ్లెత్తాడు. నాలుగేళ్లలో కోడలు తనంతట తాను ఆయనతో అన్న మొదటి మాట అదేనేమో.

"నీకేం తెల్సని?"

"నాకు తెల్సు. పసుపు కుంకుమ నేనే తెచ్చిచ్చిన."

భరత్ చేతిలో దువ్వెన ఆగింది. "లతా, లోపలికి పో."

"లోపల వాసనొస్తాంది."

"ఏం మాట్లాడుతానవ్ నువ్వు? బాపుకు బీపీ ఉన్నది."

"మొగిలక్కకు ఏం లేదా?"

కిషన్‌రావు పేపరు మడిచి పక్కన పెట్టాడు. మంచి మాటలతో చెప్పే గొంతు తెచ్చుకున్నాడు. బేరం తెగని గిరాకీతో దుకాణంలో మాట్లాడే గొంతది. "చూడు బిడ్డా. దేవుడి పటం. చెత్తబండిల ఎయ్యాల్నా? నలుగురు ఊసిన చెత్తల? మీ తల్లిగారూరు రఘునాథపల్లిల గట్లనే చేస్తరా?"

"నాలాల ఊస్తలేరా మామయ్యా?"

"అది పారే నీళ్లు. పారే నీళ్లల్ల వదిలితె దోషం లేదు."

"ఏడ పారుతాంది మామయ్యా?" అంది శ్రీలత. "పారుతలేదనే గద మీరు దరఖాస్తు పెట్టింది!"

కిషన్‌రావు పేపరు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. భరత్ గోడ వైపు తిరిగాడు. పక్కింటి వంటింట్లో కుక్కరు మూడు కూతలు కూసింది.

"సంతకం పెడితె ఏమైతదో తెల్సా నీకు?" ఈసారి మంచి గొంతు పోయింది. "పనిల తెగిందని నేను రాసిస్తె, మరి అద్దం ఎవలదని అడుగుతరు. పోలీసు కేసైతది. పేపర్ల ఏస్తరు. సంచి మీద పేరేంది? సుగుణ శారీ సెంటర్. దుకాణం పేరు, మీ అత్త పేరు ఒక్కటే. పొద్దుగాల లేచి జనం చాయ తాగుకుంట మీ అత్త పేరు చదవాల్నా? ఆమె కోసమే ఆగిన నేను. నా కోసం గాదు."

అందరూ దేవుడి గది వైపు చూశారు. సుగుణమ్మ అక్కడే ఉంది. మల్లెలు ఒళ్లోనే ఉన్నాయి.

"చెప్పవేందే? నీ కోడలికి జర చెప్పు," అన్నాడు కిషన్‌రావు.

ఆమె దారం కొస వేలికి చుట్టుకుంది.

"గిదీ సంగతి! నోట్ల బెల్లంగడ్డ పెట్టుకొని కూసుంటది. చేసిందంత చేసి." ఆయన కోపానికి ఇప్పుడు ఒక దారి దొరికింది. "అద్దం తియ్యాలన్న బుద్ధి ఉండద్దా? చిన్నపోరివా? ఇరవై ఆరేండ్ల కింద నీ పేరు పెట్టిన దుకాణానికి. నువ్వే నీ చేతులతోని మోరిల ముంచినవు!"

"అమ్మనెందుకు అంటాండ్రు? పటం ఇంటికి తెచ్చింది మీరే గద," అన్నాడు భరత్.

"తెచ్చిన. నాలాల ఎయ్యమన్ననా?"

"ఎయ్యొద్దన్నరా? ఆ రాత్రి అన్నం తినుకుంట అడిగిండ్రు, సాగనంపినవా అని. సాగనంపిన అన్నది. మంచిపని అన్నరు."

"నువ్వు గూడ మొదలుపెట్టినవారా?"

"నేనేం మొదలుపెడ్తలేను. దుకాణం తెరిచే యాళ్లయింది, నేను పోతాన."

పోతానన్నాడే గానీ కదల్లేదు. బండి తాళాలు వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడ్డాడు. కొంతసేపటికి, ఎవరినీ చూడకుండా అన్నాడు: "అయినా బాపు, ఇల్లు అమ్మ పేరు మీద గదా ఉన్నది. యజమాని సంతకం అంటె మీది చెల్లది."

కిషన్‌రావుకు ఆ సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టుంది. కాసేపు ఆలోచించాడు. ఆ తర్వాత ఆయన ముఖం తేటపడింది.

"ఇంకా మంచిదాయె. నన్నెందుకు అడిగిండు ఎల్లస్వామి? ఆమెను అడగమను. ఆమె పెట్టది. అయిపాయె." కుర్చీలో వెనక్కి వాలాడు. "గట్లని మొగిలమ్మను ఇడిసిపెడ్తమా? మనం మనుషులం గాదా? మంచి చీరొకటి తీసి పెట్టు భరత్, బియ్యం బస్తా ఒకటి. నేనే పోయి ఇచ్చొస్త."

"రెండు వేళ్లు వంగకపోతె చీరెట్ల కట్టుకుంటది మామయ్యా? కుచ్చిళ్లెట్ల పెట్టుకుంటది?"

శ్రీలత గట్టిగా అనలేదు. కిషన్‌రావు కుర్చీ చేతి మీద చరిచాడు.

"చాలు," అన్నాడు. "చాలిగ. నా ఇంట్ల ఉండుకుంట నా తిండి తినుకుంట నా మీదనే పంచాయితీ పెడ్తానవా? నీకు గా మొగిలమ్మ ఎక్కువైతె నడువు. ఆమెతోని కలిసి ఊడ్వు సందులు."

భరత్ ఏదైనా అంటాడేమోనని శ్రీలత చూసింది. అతను తాళాలు చూసుకుంటున్నాడు.

ఏడుపు రాలేదు ఆమెకు. వస్తే బాగుండనిపించింది. ఏడిస్తే ఎవరో ఒకరు ఊకోమనేవాళ్లు, మాట అక్కడితో తెగేది. ఇది అలా తెగేలా లేదు. తన సంతకం అక్కరకు రాదు. పెట్టాల్సిన మనిషి పెట్టడు. పెట్టగలిగిన మనిషి నోరు విప్పదు. నాలుగేళ్లు ఈ ఇంటి తడినీ పొడినీ వేరు చేసింది. ఈ ముగ్గురి మాటల్లో ఏది భయమో, ఏది పరువో, ఏది మొగిలమ్మ మీద జాలో ఆమెకు వేరు చేయడం రావడం లేదు.

గోడ గడియారంలో పదకొండు దాటి పావుగంటయింది.

లోపల మల్లెల పళ్లెం నేల మీద పెట్టిన చప్పుడైంది. సుగుణమ్మ మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచింది. కొళాయి దగ్గరికి వెళ్లి ముఖం కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. పొద్దుటి నలిగిన చీర మార్చుకోలేదు. జుట్టు సవరించుకోలేదు.

వరండాలోకి వచ్చింది. పిట్టగోడ దగ్గర ఆగి, పూలకుండీ అంచు కింది నుంచి కాగితం లాగింది. చేతిని దూరంగా చాపి పట్టుకుని చూసింది. అద్దాలు లేకుండా ఆమెకు అక్షరాలు ఆనవు. చదివిందో, ఊరికే చూసిందో తెలియదు. నాలుగు మడతలు వేసి రొంటిన దోపుకుంది.

"గట్ల. లోపల బీరువాల పడెయ్యి," అన్నాడు కిషన్‌రావు, ఊపిరి వదులుతూ. "పన్నెండు దాటనియ్యి, అంత సల్లబడతది."

ఆమె లోపలి వైపు తిరగలేదు. మెట్టు దిగి చెప్పులు వెతుక్కుంది. ఒకటి ముందు దొరికింది, రెండోది భరత్ బండి చక్రం కింద ఉంది. భరత్ వంగి తీసి ఆమె కాళ్ల ముందు పెట్టాడు.

"ఏడికమ్మా? చెప్పు, బండి మీద దించుత."

ఆమె చెప్పు తొడుక్కుంది.

"ఏందే, అడుగుతాంటె? ఏడికి?" కిషన్‌రావు లేచి నిలబడ్డాడు. "ఆ కాయితం ఏం చేద్దామని? చింపుతవా, సంతకం పెడ్తవా? సుగుణా! నిన్నే!"

పెళ్లయిన ముప్పై ఏళ్లలో గుడికి పోయినా, కూరగాయలకు పోయినా, పోయొస్తనని చెప్పకుండా ఆమె ఈ గేటు దాటింది లేదు. శ్రీలత అప్పటికే గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. పక్కకు జరగాలో, చెయ్యి పట్టుకోవాలో, వెంట నడవాలో ఆమెకు తెలియలేదు.

"అత్తమ్మా," అంది.

సుగుణమ్మ కోడలి ముఖంలోకి చూసింది. రొంటిన కాగితాన్ని ఒకసారి తడుముకుంది. గేటు తెరుచుకుని, మళ్లీ వేయకుండానే, ఎల్లస్వామి వెళ్లిన వైపే ఎండలోకి నడిచిపోయింది.